వేడినీరు - మొలకెత్తిన గింజ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వారికి కల్లు కొత్త వస్తువు కాదు. ఈతచెట్టుకు కట్టిన లొట్టిలో రాత్రి ఊరిన తీపినీరు తెల్లవారేసరికే పులియనారంభిస్తుంది. దానికి పొయ్యి అక్కరలేదు, కట్టెలు అక్కరలేదు. చక్కెర చెట్టులోనే సిద్ధమై ఉన్నది. బీరు సంగతి వేరు. అది గింజనుండి పుట్టే పానీయం. గింజలో నిలువ ఉన్నది చక్కెర కాదు, పిండిపదార్థం. అది చక్కెరగా మారనిదే పులియదు. ఆ మార్పు జరిగేది వేడినీటిలో. కనుక బీరు తయారుచేసేవాని విద్యలో సగపాలు నీరు కాచే విద్యయే అనవచ్చును.

ఆ పానీయాన్ని ఇంటిలోనే తయారు చేసుకొనవచ్చునా, చవకగా ఏ పాత్రలు కొనాలి అని అడిగేవారున్నారు. చట్టం మాట ముందు చెప్పాలి. 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయడం నేరం. ఇంటివాడుకకే కదా అనుకొనడానికి వీలులేదు. కాని ఆ విద్యలోని మొదటి సగానికి, అంటే గింజను మొలకెత్తించి వేడినీటితో దాని పిండిని కరిగించడానికి, ఏ చట్టమూ అడ్డు రాదు. ఆ సగమే మన పసిపిల్లలకు ఎక్కువగా ఉపకరిస్తుంది.

ఎట్లాగో చూడండి. ఆరునెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోబాటు జావ పట్టనారంభిస్తాము. బిడ్డ పొట్ట చిన్నది. చిక్కగా కాస్తే మింగలేడు. పలుచగా కాస్తే కడుపు నిండుతుంది గాని అందులో ఉన్నది చాలావరకు నీరే. ఈ చిక్కును విడదీసేది మొలకెత్తిన గింజ. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని తానే కరిగించుకొనే ఒక పదార్థాన్ని పుట్టించుకుంటుంది. 1833లో పాయెన్, పెర్సో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు బార్లీ మొలకలనుండి దానిని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. చిక్కని జావలో ఒక చెంచా మొలకపిండి కలిపితే కొద్ది నిమిషాలలోనే అది జారుగా మారుతుంది. పిండి తగ్గలేదు, బలం తగ్గలేదు. బిడ్డ మాత్రం సులభంగా మింగగలడు.

ఇందుకు మన తైదలు, అంటే రాగులు, శ్రేష్ఠమైనవి. ఏరి, కడిగి, ఒక రాత్రి నానబెట్టి, నీరు వంపి, తడిబట్టలో మూటగట్టి రెండురోజులు ఉంచాలి. మొలక కనబడిన తరువాత బాగుగా ఎండబెట్టి, అరచేతులతో నలిచి, చెరిగి, విసరాలి. దోరగా వేయించే అలవాటున్నవారు ఇక్కడ చేయి కట్టుకొనాలి; గింజ మాడితే డయాస్టేజ్ నశిస్తుంది. జొన్నను మాత్రం పసిపిల్లల కొరకు మొలకెత్తించకపోవడమే మేలు. లేత జొన్నపైరు మేసిన పశువు కూలిపోవడం రైతులెరిగినదే. సయనైడు పుట్టించే ఆ పదార్థమే జొన్నమొలకలోను, దాని వేరులోను ఉంటుంది.

ఇక వేడి సంగతి. డయాస్టేజ్ సుమారు 60 నుండి 70 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య చురుకుగా పనిచేస్తుంది. 80 దాటితే చెడిపోతుంది. కుతకుత ఉడికే జావలో మొలకపిండి వేయడం వృథా. మరి డిగ్రీలు తెలిసేదెట్లా? జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు. అది 42 డిగ్రీల వరకే చూపుతుంది, ఉడుకునీటిలో ముంచితే పగులుతుంది. కొలత తెలిస్తే పరికరం లేకుండానే పని జరుగుతుంది. మరిగే జావ రెండు పాళ్లు, 25 డిగ్రీలున్న నీరు ఒక పాలు కలిపితే లెక్కకు 75 డిగ్రీలు వస్తుంది. గిన్నె కొంత వేడిని పీల్చుకుంటుంది గనుక 70 దగ్గర నిలుస్తుంది. కాబట్టి జావను ముందే మరింత చిక్కగా కాచి దింపి, కాచి చల్లార్చిన నీటిలో మొలకపిండిని కలిపి అందులో పోయాలి. పది నిమిషాలు మూతపెట్టి, మళ్లీ పొయ్యిమీద ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. రెండవ పొంగు మానరాదు. మొలకపిండిలో సూక్ష్మక్రిములుండే అవకాశం ఎక్కువ.

వేడికీ పనికీ గల లెక్కను నిగ్గుతేల్చిన జూల్ మహాశయుడు ఇంగ్లండులో బీరు తయారుచేసే కుటుంబంలో 1818లో పుట్టినవాడు. డిగ్రీలో చిన్న భాగాన్ని సైతం కొలవడం ఆయనకు ఇంటివిద్య వంటిది. ఆ లెక్కనే మన వంటయింటికి అన్వయిస్తే, అయిదు లీటర్ల నీటిని 25 నుండి 65 డిగ్రీలకు తేవడానికి పావు యూనిట్టుకు లోపు విద్యుత్తు చాలును. అంతకు మించి ఖర్చవుతున్నదంటే వేడి ఎక్కడికో పోతున్నదన్నమాట. ఎక్కువగా పోయేది మూతలేని గంజునుండి.

పాత్రల విషయంలో ఖరీదుకన్న అడుగు మందం ముఖ్యం. మందపు అడుగుగల స్టీలు గంజు, సరిగా కూర్చునే మూత చాలును. సత్తుపాత్ర చవక, త్వరగా కాగుతుంది. కాని పులిసిన అంబలిని అందులో నిలువ ఉంచరాదు. కళాయి లేని ఇత్తడిపాత్రకూ అదే మాట. పెద్దలకు ఎక్కువగా అంబలి కాచేవారు, ఒక గంపలో వరిఊకను దట్టంగా నింపి నడుమ గంజు పట్టేటంత గుంటచేసి, ఉడుకుతున్న గంజును మూతతో సహా అందులో దించి, పైన ఊకతో కుట్టిన సంచి కప్పితే వేడి చాలాసేపు నిలుస్తుంది. నిజాంసాగరు కాలువల కింద వరి పండే ఊళ్లలో ఊకకు కొదువేమున్నది!

బకెట్టులో వేలాడదీసే విద్యుత్తు కడ్డీని జావలో ముంచవద్దు. కడ్డీ చుట్టూ పిండి అంటుకొని మాడుతుంది. స్నానపు నీటికి వాడినప్పుడు కూడా మీట కట్టి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిలో వేలు పెట్టాలి. ఇనుప బకెట్టుతో ఆ కడ్డీని వాడనే రాదు.

విసిరిన మొలకపిండిని తడిలేని సీసాలో బిగించి ఉంచాలి. ముక్కవాసన వస్తే పారవేసి, మరల గుప్పెడు తైదలు నానవేయండి.