నీటి లెక్క ఎవరి చేతిలో ఉండాలి?



 ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ ఇంజనీరుగారి ఉద్యోగ జీవితం గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడే ఉన్నారు. నా మనసులో నిలిచింది ఆయన గేజీ రిజిస్టరు. నీటిమట్టం వేశాక, ఆ పూట తూము తీసిన మనిషి పేరు పక్కన పెన్సిల్‌తో రాసుకునేవారు. శాఖ అచ్చువేసిన ఫారంలో అందుకు గడి లేదు. ఆ లేని గడి గురించే నా ఉపన్యాసం.

సేవ అందుకునేవాళ్లు చెయ్యి కలపకపోతే ఏ ప్రజాసేవా పూర్తికాదని ఎలినార్ ఆస్ట్రమ్ 1970లలో అమెరికాలో పోలీసు సేవలను పరిశీలిస్తూ గుర్తించారు. తర్వాత 1996లో బ్రెజిల్ బస్తీల మురుగునీటి పైపులను ఉదాహరణగా చూపారు. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఇదంతా మీకు తెలిసిందే. అసలు తగవు ఆ తర్వాత మొదలవుతుంది.

మన దగ్గర ప్రజల భాగస్వామ్యం అనగానే ప్రజల వాటా ఎంత అని అడుగుతారు. 1997లో మొదలైన జన్మభూమిలో వాటా, శ్రమదానం. 2002 నాటి స్వజలధారలో మంచినీటి పథకం ఖర్చులో పదోవంతు. వాటా కట్టినంత మాత్రాన నిర్ణయంలో చోటు దొరకదని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. నీళ్లు ఎన్ని ఉన్నాయో కొలిచే పని, ఎప్పుడు వదలాలో చెప్పే అధికారం, వదిలేవాడికి జీతమిచ్చే హక్కు ఊరికి దక్కాలి. ఇవి దక్కనప్పుడు ఊరి వంతుకు బరువు మోయడమే మిగులుతుంది.

1997 సాగునీటి యాజమాన్య చట్టం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. అంత పెద్ద ప్రయత్నాన్ని చిన్నచూపు చూడను. కానీ ఓటు రికార్డులో పేరున్నవాళ్లకే. నోటిమాట కౌలుదారుకు లేదు, పట్టా తన పేరున లేని ఆడమనిషికీ లేదు. రాత్రిపూట మడికి నీళ్లు మళ్లించేది మాత్రం చాలాచోట్ల వాళ్లే. సంఘం చేతికి మరమ్మతు నిధులొచ్చాయి. కాలువ తూములు తీసే లస్కరు మాత్రం శాఖ మనిషిగానే ఉండిపోయాడు.

ఇక్కడ పండితులు నాకు అడ్డుపడతారు. రాబర్ట్ వేడ్ 1988 నాటి ‘విలేజ్ రిపబ్లిక్స్’ తెచ్చి ముందు పెడతారు. కర్నూలు ప్రాంతంలో కాలువ చివరి ఊళ్లే కలిసికట్టుగా పనిచేశాయి, పై ఊళ్లకు ఆ అవసరం రాలేదు, కాబట్టి కొరతే మనుషుల్ని కలుపుతుంది, చట్టంతో అయ్యేది కాదు అంటారు. వేడ్ చూసింది నిజమే. నీరు అందుతుందో లేదో తెలియని ఊళ్లలో ఐక్యత ఎక్కువని ఆయన రాశారు. కానీ ఆ పుస్తకంలో మిగతా పేజీలూ ఉన్నాయి. ఆ ఊళ్లు పొలాలకు నీళ్లు పంచే నీరుగంట్లను తామే పెట్టుకున్నాయి. వాళ్ల జీతం రైతులే ఎకరాల లెక్కన ఇచ్చుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును అమ్మి ఊరుమ్మడి నిధి కూడబెట్టారు. ఇవన్నీ నడిపిన ఊరి పెద్దల సభ చట్టం చేసిన పంచాయతీ కాదు. కొరతే కారణమైతే, 1997 తర్వాత ప్రతి కాలువ చివరి సంఘమూ ఆ ఊళ్లలాగే నడవాలి కదా? నీళ్లందని చివరి ఆయకట్టుకు మన దగ్గర ఎన్నడూ లోటు లేదు. లోటల్లా లెక్క, జీతం, సొంత నిధి మూడూ ఊరి చేతిలో లేకపోవడంలో ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అనంతపురం నుంచి నల్గొండ దాకా ఏడు కరువు జిల్లాల్లో భూగర్భజలాల పథకం నడిచింది. రైతులు పక్షానికోసారి బోరులో టేపు దించి మట్టం కొలిచారు, వాన లెక్క రాశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ నిషేధమూ లేకుండా రైతులు నీటి వాడకం తగ్గించుకున్నారని ప్రపంచ బ్యాంకు 2010లో ‘డీప్ వెల్స్ అండ్ ప్రూడెన్స్’లో మెచ్చుకుంది. చెప్పినంత ఫలితం లేదనీ, ప్రాజెక్టు ఆగాక ఊళ్లో మిగిలింది తక్కువనీ 2012లో మరో పరిశీలన వచ్చింది. దాన్ని చూపి, కొలవడం జనానికి పట్టదని తేల్చేసేవారున్నారు. ఒప్పుకోను. బోరు అనుమతులు 2002 వాల్టా చట్టం కింద అధికారుల చేతిలో, కరెంటు సంగతి రాజధానిలో. 2004 నుంచి ఉచిత విద్యుత్తు. రైతు కొలిచిన అంకె ఈ నిర్ణయాల్లో ఒక్కదానికీ అందలేదు. ఎవరూ చదవని నోటుపుస్తకంలో ఎన్నేళ్లు రాస్తారు?

ఇప్పుడు నేను, నా విద్యార్థులు చేస్తున్న పని ఇక్కణ్నుంచే పుట్టింది. పాలమూరు, నల్గొండ చెరువుల కింద తూము తీసే నీరటి కుటుంబాల దగ్గర కూర్చుని వాళ్ల లెక్క రాసుకుంటున్నాం. ఒక చెరువు దగ్గర ముసలి నీరటి తూము స్తంభం మీద మూడు సున్నపు గీతలు చూపించాడు. పై గీత దాకా నీళ్లుంటే ఆయకట్టంతా నాటు, నడిమి గీతైతే సగం, కింది గీతైతే ఆరుతడి పంటలు మాత్రమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, రైతులు సొంత ట్రాక్టర్లలో ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. మంచి పని జరిగింది. కానీ చెరువు లోతు మారింది కనుక ఆ గీతలు తప్పాయి. కొత్త గీతలు ఎక్కడ గియ్యాలో ఆయనతో కూర్చుని చూసినవారు లేరు.

ఆ గీతలు మళ్లీ గీయించడం మా పని. చెరువు నీటిమట్టానికి నీటి నిల్వ ఎంతో చెప్పే కొత్త పట్టికలు శాఖ దగ్గరే దొరకాలి. ఈ సభలో ఇంజనీర్లున్నారు. వాటి నకళ్లు నీరటికీ, ఆ చెరువు కింది కౌలుదార్లకూ తెలుగులో ఇప్పించండి. వచ్చే వానలకు ముందే అందితే, అలుగు పారే రోజున తూము దగ్గర నిలబడి ఆ పట్టికనూ, ఆయన లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తాం. తేడా వచ్చిన చోట ఏది దిద్దాలో మీరూ వచ్చి ఆయన ఎదుటే తేల్చాలి.