కవాటానికి అడ్డుపడే కణితి
(సంఘ వార్షికోత్సవ సభలో ఒక హృద్రోగ వైద్యుని ప్రసంగ పాఠం)



గుండెలో కవాటం చెడిందనే మాట మనకు కొత్త కాదు. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకు కావడం మన దేశంలో తరచు చూసేదే. అయితే కవాటం బాగానే ఉన్నా, దానికి ఒక కణితి అడ్డుపడితే అవే లక్షణాలు కనిపిస్తాయి. ఆ సంగతే ఈ రోజు మనవి చేస్తాను.

ఈ కణితి పేరు మిక్సోమా. అరుదైనది, క్యాన్సర్ కాదు. నూటికి సుమారు 75 మందిలో గుండె ఎడమవైపు పై గదిలోనే వస్తుంది. మధ్యగోడను పట్టుకుని, కాడకు కాయలాగా వేలాడుతుంది. రక్తం కింది గదిలోకి దిగే సమయానికి తానూ కవాటంలోకి జారి దారి మూస్తుంది. ఆ రాపిడికి కొందరిలో కవాటం రెక్కలు దెబ్బతిని లీకు కూడా ఏర్పడుతుంది.

ఆయాసం, గుండెదడ ముఖ్య లక్షణాలు. కొందరికి కూర్చుంటే ఆయాసం ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంది. కొందరు ఉన్నట్టుండి స్పృహ తప్పుతారు. విడవని జ్వరం, బరువు తగ్గడం, ఇ.ఎస్.ఆర్. పెరగడం కూడా ఉండవచ్చు. అన్నిటికంటె ప్రమాదం, కణితి ముక్క ఊడి మెదడుకు చేరడం. అప్పుడు పక్షవాతం వస్తుంది. కొందరికి అదే మొదటి లక్షణం.

పాపిలరీ ఫైబ్రోఎలాస్టోమా అని ఇంకొకటుంది. ఇది కవాటం రెక్కమీదనే, పెద్ద వయసులో ఎక్కువగా కనిపిస్తుంది. సుమారు సెంటీమీటరే ఉంటుంది. కవాటాన్ని సాధారణంగా చెడగొట్టదు కాని, దీనివల్లా పక్షవాతం రావచ్చు.

ఒకప్పుడు మిక్సోమా సంగతి మనిషి పోయిన తరువాతనే తెలిసేది. 1954లో స్టాక్‌హోమ్‌లో డాక్టర్ క్రాఫోర్డ్, హార్ట్-లంగ్ మిషన్ సాయంతో మొదటిసారి దానిని విజయవంతంగా తొలగించారు. ఇప్పుడు ఎకో పరీక్షలో కణితి కదలిక తెరమీదనే కనిపిస్తుంది. సూదిపోటు కూడా ఉండదు.

మందులతో మిక్సోమా కరగదు. ఆపరేషన్ చేసి, అది అంటుకున్న గోడ భాగంతో సహా తీసివేయాలి. కనుగొన్న తరువాత వాయిదా వేయడం మంచిది కాదు. తీసినవారిలో చాలామందికి మళ్ళీ రాదు. అయినా కొన్నేళ్ళు ఎకో చేయించుకుంటూ ఉండాలి.

చివరగా ఒక మాట. ఈ వ్యాధి మగవారిలో కంటె ఆడవారిలో ఎక్కువ. మనం మన బి.పి., షుగరు చూపించుకుంటాం. ఇంటి ఇల్లాలు ఆయాసపడితే మాత్రం "వయసు మీదపడింది" అని సరిపెట్టుకుంటాం. ఆమెకూ ఒకసారి ఎకో తీయించండి. అందరి ఆయాసానికీ కణితి కారణం కాదు. కాని కారణమేదో తెలియకుండా వయసుమీదికి నెట్టవద్దు.