దెబ్బ తిన్నాక నిలబడడం

(చిలకలగూడలో రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగం)



మీలో చాలామంది రాత్రంతా వరండాలో దుప్పటి పరుచుకుని కూర్చున్నవాళ్లే. కొందరు పొద్దున టీ కూడా తాగకుండా వచ్చారు. అందుకని మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. షుగరు గురించో, బీపీ గురించో చెబుతాననుకుని ఉంటారు. ఈ రోజు బాక్సింగ్ గురించి చెబుతాను. ఆసుపత్రిలో బాక్సింగ్ ఏమిటి సిస్టర్ అని నవ్వకండి. వార్డులో మిమ్మల్ని రోజూ చూస్తుంటే నాకు గుర్తొచ్చే ఆట అదే.

పేషెంటు పక్కన నిలబడి మనం ఒకరికొకరం చెప్పుకునే మాట ఒకటుంది. "ధైర్యంగా ఉండు, ఏడవకు" అని. భయం లేనివాడే ధైర్యవంతుడని, కన్నీళ్లు రానివాడే గట్టివాడని మన నమ్మకం. ఇది ఎంతవరకు నిజమో దెబ్బలు తినడమే పనిగా పెట్టుకున్నవాళ్లను చూసి తెలుసుకుందాం.

ఇక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే సికింద్రాబాద్ స్టేషన్. అక్కడ రైలెక్కితే కొన్ని గంటల్లో నిజామాబాద్ చేరతాం. నిఖత్ జరీన్ ఆ ఊరి అమ్మాయి. ఆ ఇంట్లో నలుగురు ఆడపిల్లలు. పిల్లల చదువు, ఆటల కోసం తండ్రి గల్ఫ్‌లో ఉద్యోగం వదులుకుని వచ్చారు. కూతురు మొదటిసారి ముఖం మీద దెబ్బలతో ఇంటికొస్తే తల్లి ఏడ్చింది. ముఖం పాడైతే పిల్లకు పెళ్లెలా అవుతుందని ఆమె దిగులు. తల్లి మనసు అంతే కదమ్మా. అయినా ఆ ఇంటివాళ్లు పిల్లను ఆపలేదు.

2011లో టర్కీలోని అంటాల్యాలో 14 ఏళ్ల నిఖత్ జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇక ముందంతా పూలబాటే అనుకుంటాం. 2017లో భుజం కీలు తప్పింది. ఆపరేషన్ చేయవలసి వచ్చింది. సుమారు ఏడాది పాటు రింగుకు దూరమైంది. కోలుకుని వచ్చాక 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ఎంపిక బౌట్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయింది. దేశమంతా చూస్తుండగా జరిగిన ఓటమి అది. ఆ తర్వాత రెండున్నరేళ్లకు, 2022 మే నెలలో, అదే టర్కీలోని ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023 మార్చిలో ఢిల్లీలో రెండోసారి అయింది.

కథ అక్కడ ముగిసి ఉంటే నేను మీకు చెప్పేదాన్ని కాదు. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యు చేతిలో 5-0తో ఓడిపోయింది. ఎన్నో ఏళ్ల కల ఒక్క పూటలో పోయింది. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఆ అమ్మాయి అందరి ముందూ కన్నీళ్లు పెట్టుకుంది. ఏడ్చినందుకు ఆమె గట్టిదనం పోయిందా? 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో మళ్లీ స్వర్ణం గెలిచింది. ఏడవడం వేరు, కూలిపోవడం వేరు. దెబ్బ ఎవరికైనా తగులుతుంది. మళ్లీ నిలకడకు రావడమే మనోధైర్యం. దానికి ఒక పద్ధతి ఉంది, అది నేర్చుకుంటే వస్తుంది.

భయం వేసినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరెండుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. రింగులో ఉన్న ఛాంపియన్‌కైనా, ఐ.సి.యు. తలుపు బయట నిలబడ్డ మీకైనా జరిగేది ఇదే. ఇది పిరికితనం కాదు, శరీర ధర్మం. తేడా ఏమిటంటే, ఆ దడలోనూ ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడం బాక్సర్ సాధన చేసి ఉంటాడు. మీరూ చేయవచ్చు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి, అంతకంటే నెమ్మదిగా వదలండి. అలా అయిదారుసార్లు చేస్తే దడ కొంత తగ్గుతుంది.

బాక్సింగ్‌లో ఒక మంచి నియమం ఉంది. గట్టి దెబ్బ తగిలి బాక్సర్ తూలితే రిఫరీ ఆట ఆపి అంకెలు లెక్కపెడతాడు. బాక్సర్ వెంటనే లేచి నిలబడినా ఎనిమిది పూర్తయ్యేదాకా ఆట మొదలుపెట్టనివ్వడు. తల దిమ్మెక్కినవాడికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది, అందుకని ఆ నియమం. డాక్టరుగారు ఏదైనా చేదు కబురు చెప్పినప్పుడు మీకూ ఆ ఎనిమిది అంకెలు అవసరం. అప్పుడు విన్నది సగం కూడా తలకెక్కదు. ముందు కూర్చోండి. కాసిని మంచినీళ్లు తాగండి. "మళ్లీ ఒకసారి చెప్పండి డాక్టరుగారూ" అని అడగండి, కాగితం మీద రాసుకోండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు. అత్యవసరమైతే మేమే తొందర చేస్తాం. లేనప్పుడు చుట్టాలందరికీ ఫోన్లు చేయడం, ఇల్లు తాకట్టు పెట్టే మాట మాట్లాడడం ఆ ఎనిమిది అంకెలయ్యాకే.

ఇక అసలు సంగతి. మహిళల పోటీలో మూడు నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి. రౌండుకీ రౌండుకీ మధ్య ఒక్క నిమిషం విరామం. ఆ నిమిషంలో బాక్సర్ తన మూలకు వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. మూలలో ఉన్నవాళ్లు నీళ్లిస్తారు, ముఖం తుడుస్తారు, ఒకటో రెండో మాటలు చెబుతారు. అంతే. రౌండు నడుస్తుండగా వాళ్లు రింగులో కాలు పెట్టకూడదు, ఆమె బదులు దెబ్బ తినలేరు. అయినా ఆ మూల లేకపోతే ఏ ఛాంపియనూ మూడో రౌండుకు చేరదు.

మీ పేషెంటు రింగులో ఉన్నారు. మీరు ఆ మూలలో ఉన్నారు. నొప్పి మీరు పడలేరు, నీళ్లివ్వగలరు. పడక చుట్టూ పదిమంది చేరి పదిరకాల సలహాలు చెప్పకండి. ఒకరు ఉండండి, ఒక మంచిమాట చెప్పండి. "నిన్నటికంటే నాలుగడుగులు ఎక్కువ నడిచావు నాన్నా" అంటే చాలు. పక్క బెడ్డువాళ్లకు ఏమైందో చెప్పి భయపెట్టవద్దు.

మరి మూలలో ఉన్నవాళ్ల సంగతి? ఇక్కడ నా సొంత మాట చెబుతాను. కొన్నేళ్ల కిందట మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మరో ఊళ్లో ఆసుపత్రిలో ఉన్నారు. నేను నర్సును కదా, నాకంటే గట్టిగా ఎవరుంటారనుకున్నాను. ఏడవలేదు. మా తమ్ముడు ఏడిస్తే కసిరాను. రాత్రి నేనుంటానంటే వద్దని పంపేశాను. పదకొండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. పన్నెండో రోజు జావ తాగిస్తుంటే ఆయన పెదవి పక్క నుంచి కారి దుప్పటి పాడైంది. నేను గట్టిగా అరిచాను. నాన్నగారు ముఖం గోడవైపు తిప్పుకున్నారు. తర్వాత ఆయన కోలుకున్నారు, మాట కూడా కొంత వచ్చింది. నా మీద కోపమేమీ చూపలేదు. కానీ జావ కావలసివస్తే తమ్ముణ్ణే పిలిచేవారు. నేను ధైర్యమనుకున్నది ధైర్యం కాదని నాకు అప్పుడు తెలిసింది.

అందుకే చెబుతున్నాను, వంతులు వేసుకోండి. ఇంట్లో ఇద్దరుంటే రాత్రికొకరు. రోజులో ఒక పూటైనా వేడి అన్నం తినండి. మీకు బీపీ, షుగరు మాత్రలుంటే మానవద్దు. ఏడుపొస్తే బయటికెళ్లి ఏడవండి, ముఖం కడుక్కుని రండి.

ఆగడం కూడా ఒక్కోసారి ధైర్యమే. మన నిజామాబాద్ బాక్సరే మహమ్మద్ హుసాముద్దీన్, 2023లో తాష్కెంట్‌లో ప్రపంచ పోటీల సెమీఫైనల్ దాకా వెళ్లి మోకాలి గాయంతో తప్పుకున్నాడు, కాంస్యంతో తిరిగొచ్చాడు. ఆయన తండ్రి శంసాముద్దీన్ గారే నిఖత్‌కు నిజామాబాద్‌లో బాక్సింగ్ నేర్పింది. ఒంటికి చేతకానప్పుడు ఒప్పుకోవడాన్ని ఎవరూ ఓటమి అనరు.

చివరిగా ఇంకొక్కరి గురించి చెబుతాను. టైసన్ ఫ్యూరీ అనే ఇంగ్లండ్ బాక్సర్ 2015లో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అంత గెలిచాక మనసు కుంగిపోయింది. తాగుడు పెరిగింది, ఒళ్లు పెరిగింది, బతకాలని లేదనే ఆలోచన వచ్చింది. ఇవన్నీ ఆయనే దాచకుండా చెప్పాడు. వైద్య సహాయం తీసుకున్నాడు. 2018 డిసెంబరులో వైల్డర్‌తో పోటీలో పన్నెండో రౌండులో వెల్లకిలా పడిపోయి, ఇక లేవడనుకుంటే లేచి నిలబడ్డాడు. 2020 ఫిబ్రవరిలో అతడినే ఓడించాడు. అంత మనిషికే మనసు జబ్బు వచ్చింది, సహాయం తీసుకుని కోలుకున్నాడు. మనకు వస్తే సిగ్గెందుకు?

కాబట్టి రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, దేనిమీదా మనసు లేకపోయినా డాక్టరుగారికి చెప్పండి. బతికి ఏం లాభమనే మాట మీ నోట గాని, ఇంట్లోవారి నోట గాని వస్తే ఆ రోజే చెప్పండి, ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితంగా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ కరపుస్తకం ఇంటికి తీసుకెళ్లండి. ఈ రాత్రి మీ పేషెంటు దగ్గర ఎవరుంటారో, ఎవరు ఇంటికెళ్లి పడుకుంటారో ఇప్పుడే మాట్లాడుకోండి. ఎవరూ లేనివాళ్లుంటే డ్యూటీ సిస్టర్‌తో ఒక మాట చెప్పండి. గంటసేపు మేం చూసుకుంటాం, మీరు వెళ్లి అన్నం తిని రండి.