చిన్న పొట్లము, పెద్ద లెక్క

నెలకు కావలసిన వెచ్చములన్నింటిని ఒక జాబితాగా వ్రాసి, పచారీ కొట్టునుండి ఒక్కమారే తెచ్చుకొనుట మనలో అనేకులకు అలవాటు. కాని ఇది నెలజీతము వచ్చు ఇండ్ల అలవాటు. దినకూలిపై బ్రదుకు ఇంట సాయంకాలము చేతికందిన డబ్బుతోనే ఆ పూటకు కావలసిన నూనె, ఉప్పు, పప్పు తెచ్చుకొందురు. సబ్బులు, తలంటు ద్రవములు, బిస్కత్తులు చేసి అమ్మెడి పెద్ద సంస్థలు చాలకాలము మొదటి ఇంటినే చూచి, రెండవ ఇంటిని మరచినవి.

ఆ రెండవ ఇంటి తలుపు తట్టినది చిన్న పొట్లము. తమిళనాడులోని కడలూరునందు చిన్ని కృష్ణన్ అను వ్యాపారి షాంపూను చిన్న చిన్న పొట్లములలో నింపి అమ్మజూచెను. ధనవంతుడు వాడు వస్తువును కూలివాడును కొనగలిగియుండవలెనని ఆయన తలంపు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో పదునైదువేల రూపాయల మూలధనముతో ‘చిక్’ షాంపూ వ్యాపారము ప్రారంభించెను. ఆ పేరు తండ్రి పేరునుండి వచ్చినదే. కుంకుడురసము, సీకాయపొడి తప్ప వేరెరుగని పల్లెలకు ఆయన మనుష్యులు వెళ్లి, పిల్లలకు అందరి యెదుట తలంటి చూపిరి. ఖాళీ పొట్లములు తెచ్చి యిచ్చిన వారికి నిండు పొట్లమొకటి ఊరకే యిచ్చిరి. పిమ్మట అర్ధరూపాయి పొట్లము కూడ వచ్చినది. పెద్ద సంస్థలు సయితము ఆ బాటనే నడువవలసివచ్చెను.

ఇందు మనము గ్రహింపదగిన సంగతి యొకటి కలదు. కొనువాని చేతిలో ఉన్న నాణెమెంత అనునది ముందు నిర్ణయమగును. ఆ నాణెమునకు సరిపోవునట్లు వస్తువు పిదప తయారగును. రూపాయి, రెండు రూపాయలు, అయిదు, పది, ఇవి వ్యాపారికి మెట్లవంటివి. మెట్టు దాటి అయిదున్నర యనినచో చిల్లర చిక్కు వచ్చును. కొనువాడు ప్రక్క పొట్లము వైపు చేయి చాచును. అందుచేత ముడిసరుకుల ధర పెరిగినప్పుడు పొట్లముపై వెల మారదు, లోపలి తూకము తగ్గును.

ఉదాహరణమునకు, అయిదు రూపాయల పొట్లములో అరువది గ్రాములుండెడిదనుకొందము. అది ఏబదికి తగ్గినది. తగ్గినది ఆరవవంతే కదా యని తోచును. కాని నూరు గ్రాముల వెల ఎనిమిది రూపాయల ముప్పదిమూడు పైసలనుండి పది రూపాయలకు పెరిగినది. అనగా అయిదవవంతు పెరుగుదల. వెల పెరిగిన గృహిణి ప్రశ్నించును. తూకము తగ్గిన గమనింపదు. ఇదియే ఇందలి కిటుకు.

ఇది ఎదురుదిశయందును నడచును. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి షాంపూ, సబ్బు, పండ్లపేస్టు, బిస్కత్తుల వంటివానిపై వస్తుసేవల పన్ను నూటికి పదునెనిమిదినుండి అయిదునకు తగ్గినది. అప్పుడు పలు సంస్థలు చిన్న పొట్లముల వెల తగ్గించుటకు మారుగా అందలి తూకమును పెంచినవి. మెట్టు మాత్రము కదలలేదు.

అట్లయిన చిన్న పొట్లము మోసమా? అట్లు తొందరపడి అనరాదు. పెద్ద సీసా కొనిన చవుక యని ఉపదేశించుట సులభము. చేతిలో పది రూపాయలున్న తల్లికి రెండువందల సీసా చవుకయైన నేమి, ప్రియమైన నేమి? పైగా షాంపూ విషయమున పొట్లములోని మిల్లీలీటరు సీసాలోని దానికంటె చవుకగా దొరకుట మన దేశమున అరుదు కాదు. పెద్దది ఎల్లప్పుడు చవుక యనునదియు, చిన్నది ఎల్లప్పుడు నష్టమనునదియు రెండును గ్రుడ్డినమ్మకములే. లెక్కయొక్కటే నిజము చెప్పును.

ఆ లెక్కకు చట్టము కొంత సాయపడుచున్నది. 2011 నాటి పొట్లపు సరుకుల నిబంధనల ప్రకారము గరిష్ఠ చిల్లర వెల అన్ని పన్నులతో కలిపి, లోపలి నికర తూకము పొట్లముపై ముద్రింపబడవలెను. ఆ వెలకు మించి అడుగుటకు అంగడివానికి హక్కు లేదు. 2021లో వచ్చిన సవరణ గ్రాముకు, లేదా కిలోకు ఎంత పడునో ఆ ప్రమాణపు వెలను కూడ ముద్రింపవలెనని విధించినది. అదే సవరణ కొన్ని సరుకులకు ఇంతేసి తూకములలోనే అమ్మవలెనను పాత పట్టికను తొలగించినది. కావున నేడు రెండు పొట్లములు చూపునకు సమానముగా నున్నను తూకమున భేదించవచ్చును. పది గ్రాములు, పది మిల్లీలీటర్లు మించని పొట్లములకు ఈ నిబంధనలు సామాన్యముగా వర్తింపవు. అనగా పేదయింటికి మిక్కిలి ఎక్కువగా చేరు పొట్లమునకే రక్షణ తక్కువ. అక్కడ లెక్క మనదే.

తూకముతోనే పని ముగియదు. 1980 దశాబ్దిలో దూరదర్శనులో కనిపించిన లలితాజీ ప్రకటనను పెద్దలు మరచియుండరు. తక్కువ వెల పొడి కిలో చేయు పనిని అరకిలో సర్ఫు చేయునని ఆమె వాదము. ఆ మాట అమ్మువారిది. దానిని నమ్మవలెనో లేదో ప్రతి గృహిణియు తన బట్టలతో తానే తేల్చుకొనవచ్చును. ఎన్ని గ్రాములని మాత్రమే గాక, ఎన్ని ఉతుకులు వచ్చెనని కూడ లెక్కించుట వివేకము.

ఇక పారవేసిన పొట్లముల సంగతి. అవి పలు పొరలు అంటించి చేసినవి. ఆ పొరలను విడదీసి మరల వాడుట కష్టము. కాలువలలో చేరి వాననీటిని ఆపునవి ఇవియే. ఆ వెల పొట్లముపై అచ్చుపడదు.

మేము కోరునది కష్టమైన పని కాదు. ఈ నెల సరుకులలో మూడింటిని తీసికొని, వెలను తూకముచే భాగించి, ఒక కాగితముపై వ్రాసియుంచుడు. బడికి పోవు పిల్లలచేత ఈ లెక్క చేయింపుడు. మూడు నెలల పిదప మరల చేసి చూడుడు. రంగుల బొమ్మ చెప్పని మాటను ఆ చిన్న కాగితము చెప్పును.