జోస్యం చెవిన పడ్డాక



ఎవరి జ్ఞాపకార్థం మనం మిడుతూరులో ఇలా కూర్చున్నామో ఆ మాస్టారు ఈ పల్లెల పిల్లలకు ముఖాన రంగు పూసి నాటకాలాడించినవారు. ఆయన పేరు మీద మాట్లాడేటప్పుడు నాటకం గురించి మాట్లాడడమే న్యాయం. నేను షేక్స్‌పియర్ ‘మాక్‌బెత్’ ఎంచుకున్నాను. మాకెందుకయ్యా ఆ స్కాట్లాండు రాజు కథ అనకండి. ఇటు బనగానపల్లెలో కాలజ్ఞానం, అటు ఆళ్లగడ్డ దాటితే అహోబిలం. ముందుగా చెప్పిన మాట, ఆ మాట పట్టుకుని మనిషి చేసిన పని, ఈ రెండింటి కథలూ వింటూ పెరిగిన జిల్లా మనది.

నాటకం 1606 ప్రాంతంలో రాశాడంటారు. అచ్చయింది 1623లో. అందులో మొదటి అంకం మూడో రంగం దగ్గర కాసేపు ఆగుదాం. యుద్ధం గెలిచి మాక్‌బెత్, బాంకో అనే ఇద్దరు సేనానులు బీడు మీదుగా వస్తుంటారు. ముగ్గురు మంత్రగత్తెలు ఎదురవుతారు. గ్లామిస్ ప్రభువా అని ఒకతె, కాడర్ ప్రభువా అని ఒకతె, కాబోయే రాజా అని ఒకతె మాక్‌బెత్‌కు జేజేలు కొడతారు. గ్లామిస్ తండ్రి పోయాక అతనికి వచ్చినదే. కాసేపటికి రాజు పంపిన మనుషులు వచ్చి, కాడర్ కూడా నీకే ఇచ్చారంటారు. అంతే, మాక్‌బెత్ గుండె వేగం పెరుగుతుంది. రెండో మాట నిజమైందంటే మూడోది కాకుండా పోతుందా!

కానీ మనకు తెలిసి, అతనికి తెలియనిది ఒకటుంది. అంతకు ముందు రంగంలోనే డంకన్ రాజు పాత కాడర్ ప్రభువుకు మరణశిక్ష వేసి, ఆ పదవి మాక్‌బెత్‌కు ఇచ్చేశాడు. మంత్రగత్తెలు జరగబోయేది చెప్పలేదు, జరిగిపోయినది చెప్పారు. దాన్ని అతను రాబోయే కాలానికి రుజువు చేసుకున్నాడు. ఈ రంగాల వరుస షేక్స్‌పియర్ ఊరికే పెట్టలేదని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి. ఆ ముగ్గురిలో ఒక్కతె కూడా డంకన్‌ను చంపమనలేదు. హత్య అన్న ఆలోచన మాక్‌బెత్ తలలోనే పుట్టింది, అక్కడే, భార్యకు ఉత్తరం రాయకముందే. రాసిపెట్టి ఉంటే నేను కదలకుండానే కిరీటం వస్తుందిలే అని కూడా ఒక్క క్షణం అనుకుంటాడు. ఆ క్షణం నిలవలేదు. డంకన్ తన కొడుకు మాల్కమ్‌ను వారసుడిగా ప్రకటించేసరికి, కొడుకు కూడా కాళ్లకు అడ్డమయ్యాడు. నేరమంతా లేడీ మాక్‌బెత్ నెత్తిన వేసే అలవాటు మనకుంది. ఆమె ఎగదోసింది, కాదనను. కానీ డంకన్ నా చుట్టం, నా రాజు, నా ఇంటికొచ్చిన అతిథి, మంచివాడు అని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, ఇక ఈ పని వద్దని ఆమెతో చెప్పిన మనిషి, మగతనం మీద నాలుగు దెప్పులు పడగానే మళ్లీ కత్తి పట్టాడు. తెలియక కాదు, అన్నీ తెలిసే చేశాడు. చరిత్రలోని మాక్‌బెత్ వేరు. అతను డంకన్‌ను యుద్ధంలో ఓడించి, 1040 నుంచి 1057 దాకా ఏలాడు. నిద్రలో పొడిచినవాడు నాటకంలోని మాక్‌బెత్.

బాంకో సంగతి చూడండి. అదే బీడులో నిలబడి, అవే గొంతులు విన్నాడు. నాకూ చెప్పండని అడిగాడు కూడా. నువ్వు రాజువు కావు, నీ వంశంలో రాజులు పుడతారన్నారు. షేక్స్‌పియర్ కథ తీసుకున్న హాలిన్‌షెడ్ చరిత్రలో డంకన్ హత్యలో బాంకోకూ వాటా ఉంది. నాటకంలో ఆ వాటా తీసేశాడు. అప్పటి రాజు జేమ్స్ తన మూలపురుషుడు బాంకోయేనని చెప్పుకునేవాడు, అదొక కారణం. కారణమేదైనా, ఒకే జోస్యం పక్కన ఇద్దరు శ్రోతలు మనకు మిగిలారు. ఈ బాంకో కూడా మచ్చలేనివాడు కాడు. హత్య ఎవరు చేశారో అనుమానం ఉండీ, తన వంశం మాట నిజం కావచ్చన్న ఆశతో నోరు మూసుకున్నాడు. అయినా కత్తి తీయలేదు.

నాలుగో అంకంలో మాక్‌బెత్ తానే వెతుక్కుంటూ మంత్రగత్తెల దగ్గరికి వెళ్తాడు. మక్‌డఫ్ అనే ప్రభువుతో జాగ్రత్త అంటారు. ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నిన్నేమీ చేయలేడంటారు. బర్నమ్ అడవి డన్సినేన్ కొండ మీదికి నడిచి వచ్చేదాకా నీకు ఓటమి లేదంటారు. ఇది వినగానే మన జిల్లావాళ్లకు హిరణ్యకశిపుడు గుర్తుకు రాక మానడు. ఇంటా బయటా కాదు, పగలూ రాత్రీ కాదు, మనిషీ మృగమూ కాదు. ఎగువ అహోబిలం పైన ఉగ్రస్తంభం చూపించి, స్వామి వెలికి వచ్చింది ఇందులోంచేనంటారు. జ్వాలా నరసింహుడి గుడి దగ్గర, రాక్షసుణ్ణి చీల్చింది ఇక్కడేనని, చేతులు కడుక్కున్నది ఆ రక్తకుండంలోనేనని చెబుతారు. బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ కథను నాటకం చేస్తే, కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం ఊరూరా ఆడింది. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ దానిలోంచే వచ్చింది. తెలుగు రంగస్థలం మీదికి విషాదాంతాన్ని తెచ్చినవారూ ఆ ఆచార్యులే.

ప్రహ్లాద నాటకంలో మనం కొడుకు పక్షాన కూర్చుంటాం. తండ్రి చస్తే చప్పట్లు కొడతాం. షేక్స్‌పియర్ మనల్ని హిరణ్యకశిపుడి పక్కన కూర్చోబెట్టాడు. వరం ఉందన్న ధీమాతో మనిషి లోలోపల ఎలా ఎండిపోతాడో, భార్య పోయిందన్న కబురు వచ్చినా సరిగా ఏడవలేని స్థితికి ఎలా చేరతాడో పక్కనుండి చూడాలి. రెండో తేడా నాకు ఇంకా పెద్దది. అహోబిలంలో దేవుడే దిగి వచ్చి వరంలోని సందు వెతికాడు. డన్సినేన్‌లో ఏ దేవుడూ రాలేదు. సైన్యం ఎంతుందో శత్రువుకు తెలియకుండా తలా ఒక కొమ్మ నరుక్కుని అడ్డం పెట్టుకోండని మాల్కమ్ చెప్పాడు, అడవి నడిచింది. మాక్‌బెత్‌ను చంపిన మక్‌డఫ్‌ను తల్లి కడుపు కోసి తీశారు, అంతే. పైగా మక్‌డఫ్ ఇంగ్లండు పారిపోయాడని తెలిసి, కోటలో మిగిలిన అతని భార్యనూ పిల్లలనూ చంపించాడు మాక్‌బెత్. జాగ్రత్త అన్న మాట విని, ఆ మనిషి పగను తన చేతులతోనే ఇంకా రాజేశాడు.

మన కాలజ్ఞానం తీరు వేరు. గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాస్తూ రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మంగారు రాశారని పెద్దలు చెప్పే ఆ మాటలు కాలాన్ని ఉద్దేశించినవి. విన్నవాడికి నువ్వే రాజువని ఆశ పెట్టవు. బ్రహ్మంగారి నాటకంలో శిష్యుడు సిద్దయ్య అంతా విని, మరి నాకేంటి అని అడగడు. జాతకం చూపించుకుని, నీకు రాజయోగం ఉందన్న మాట పట్టుకుని పొలాలమ్మి ఎన్నికల్లో దిగేవాళ్లున్న కాలంలో సిద్దయ్య పాత్ర నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. ఆ మాట చెప్పినవాడిది తప్పా, విన్నవాడిది తప్పా అని నన్నడిగితే, ముందు విన్నవాణ్ణే అడగమంటాను.

పిల్లలూ, మీరు ‘మాక్‌బెత్’ ఎప్పుడైనా ఆడితే మొదటి అంకంలోని రెండో రంగం కోసేయకండి. నిడివి తగ్గించాలంటే చేయి ముందు దాని మీదికే పోతుంది. మూడో రంగంలో పొగలూ ఎర్ర లైట్లూ పెట్టి చూపంతా మంత్రగత్తెల మీదికి తిప్పకండి, వింటున్న ఇద్దరి ముఖాల మీద వెలుగు పడనివ్వండి. కాబోయే రాజువన్న మాట వినగానే మాక్‌బెత్ ఉలిక్కిపడతాడు. ఇంత మంచి మాటకు భయపడతావేమయ్యా అని బాంకో అడుగుతాడు. ఆ వేషం కట్టే కుర్రవాడికి అన్నిటికంటే ఎక్కువ రోజులు నేర్పాల్సింది ఆ ఉలికిపాటే. అక్కడ పలకడానికి అతనికి ఒక్క మాట కూడా లేదు.