ఉప్పుటేటిలో కలరా జాడ
కలరా కలిగించే విబ్రియో కలరే అనే బాక్టీరియా మనిషి పేగుల్లోనే వృద్ధి చెందుతుందనీ, బయటి నీటిలో ఎక్కువ కాలం బతకదనీ శాస్త్రవేత్తలు చాలాకాలం భావించారు. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు రీటా కోల్వెల్, తన బృందంతో కలిసి సమీపంలోని చెసపీక్ అఖాతంలో, అంటే నదుల మంచినీరు సముద్రపు ఉప్పునీటితో కలిసే చోట, నీటిని పరీక్షించి, కలరా వ్యాప్తి లేని ఆ ప్రాంతంలోనూ ఈ సూక్ష్మజీవి సహజంగానే ఉంటుందని 1970లలో చూపారు. రొయ్యలకు దూరపు బంధువులైన, కంటికి ఆనీ ఆననంత చిన్న కోపిపాడ్లను అది అంటిపెట్టుకొని ఉంటుంది. పరిస్థితులు అనుకూలించనప్పుడు ప్రయోగశాల పోషకాలపై పెరగని, అయినా చావని సుప్తస్థితిలోకి జారుకుంటుంది కనుక, పాత పద్ధతుల్లో వెదికినవారికి అది చిక్కకపోవడంలో వింత లేదు.

ఈ పరిశోధనలో అన్నింటికన్నా మెచ్చదగినది దాని ఆచరణ ఫలితమే. విడి బాక్టీరియాను గుడ్డ ఆపలేకపోయినా, దానిని మోసే కోపిపాడ్లను ఆపగలదు కనుక, బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతపు పల్లెల్లో పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీటిని వడగట్టించగా, కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పలుమార్లు ఉతికిన చీరలో పోగులు నలిగి సందులు చిన్నవవుతాయి కాబట్టి, ఈ పనికి కొత్త చీరకన్నా పాతదే మేలు.