శిక్షణలో శ్రమయు, విశ్రాంతియు

పందెములో గెలువగోరు బాలునికి మన మందరము చెప్పు హితవు ఒక్కటే: ఇంకను పరుగెత్తుము, ఇంకను ఈదుము. ఇందు సగమే సత్యము. రెండవ సగము విశ్రాంతిలో నున్నది.

1930 దశకమున జర్మనీలో గెర్ష్లర్ అను శిక్షకుడు దూరమును చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును వేగముగా పరుగెత్తించి, నడుమ కొలిచి విరామ మిచ్చు పద్ధతిని పెంపొందించెను. నాడి నిమిషమునకు 180 వరకు పెరిగి, తిరిగి 120కి దిగినపిదపనే మరల పరుగు. ఆ విరామముననే గుండె బలపడునని అతని మతము. అతని శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషము 46.6 సెకండ్లలో ముగించెను. ఆ రికార్డు 1955 వరకు చెక్కుచెదరలేదు.

ఇంగ్లండులో రోజర్ బానిస్టరు అను వైద్యవిద్యార్థి మైలు దూరమును నాలుగు నిమిషములలోపల పరుగెత్త సంకల్పించెను. అనగా ప్రతి పావుమైలును సగటున 60 సెకండ్లలోపల దాటవలెను. అతడును మిత్రులును పావుమైలును పదిమారులు పరుగెత్తుచు, నడుమ రెండు నిమిషములు విశ్రమించుచు అభ్యసించిరి. 1953-54 శీతకాలమున 66 సెకండ్లతో ఆరంభించి క్రమముగా 61కి వచ్చిరి. అచ్చట ఆగిపోయిరి. ఎంత ప్రయత్నించినను ఆ ఒక్క సెకండు తగ్గలేదు. అప్పుడు బానిస్టరు పరుగు మానివేసి, కొన్ని దినములు స్కాట్లండు కొండలెక్కుటకు పోయెను. తిరిగివచ్చి పరుగెత్తగా 59 సెకండ్లు పట్టినది! 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డులో అతడు మైలును 3 నిమిషముల 59.4 సెకండ్లలో ముగించెను.

కొండగాలిలో మంత్ర మేమియు లేదు. శ్రమచే శరీరము అలసిపోవును. విశ్రాంతిలో తన్నుతాను సరిదిద్దుకొని, మునుపటికంటె బలపడును. ఆ వ్యవధి నీయక మరల శ్రమపెట్టినచో అలసటయే పేరుకొనును.

ఈతగాండ్రకును ఇదే న్యాయము. నీరు దేహభారమును మోయును గనుక వారు ఎక్కువ గంటలు సాధన చేయగలరు. కాని అలసిన ఈతగాని చేతివిసురు చెడును. చెడిన విసురే అలవాటగును. భుజములకు నొప్పి సంక్రమించును. అందువలననే కొలనులోను 50, 100 మీటర్ల చొప్పున గడియారము చూచుచు, నడుమ ఆగుచు అభ్యసింతురు. ముఖ్యమైన పోటీకి రెండు మూడు వారములు ముందు, వేగము విడువక, దూరమును తగ్గింతురు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ వేగము కొన్నాళ్లుగా పెరుగనిచో సోమరి యని నిందింపకుడు. ఉదయము లేచినవెంటనే నాడి చూడుడు. అది నిత్యముకంటె హెచ్చుగా నుండి, నిద్రయు ఆకలియు తగ్గినచో, ఆ దినము మైదానమునకు పంపకుడు. అది ఓటమి కాదు, శిక్షణలో ఒక భాగమే. గడియారము వంక చూచుట అందరును ఎరుగుదురు. బిడ్డ ముఖము వంక చూచువాడే మంచి శిక్షకుడు.